పునాది తవ్వే ముందు నీళ్ళ సంగతి చూడండి: గోదావరి డెల్టాలో కొత్తరకం ఇల్లు కట్టుకోవడం ఎలా

ఇప్పుడు మా వైపు ఇల్లు కట్టాలనుకున్నవాళ్ళు ముందు చేసే పని ఫోన్‌లో ఎలివేషన్ (ఇంటి ముందువైపు రూపు) బొమ్మలు దాచుకోవడం. బూడిదరంగు డబ్బాల్లాంటి గోడలు, గాజు రెయిలింగు, సన్‌షేడ్ అనేదే లేని కిటికీలు, రెండంతస్తుల ఎత్తు హాలు. ఆ బొమ్మ మేస్త్రికి చూపిస్తే "కట్టేద్దామండి, దానికేముంది" అంటాడు. కట్టేస్తాడు కూడా. కానీ ఆ బొమ్మల్లో చాలావరకు హైదరాబాదులోనో బెంగళూరులోనో గట్టి నేల మీద లేచిన ఇళ్ళు. మన కింద నల్లమట్టి, దాని కింద నీళ్ళు. వానాకాలం నాలుగడుగులు తవ్వితే ఊట వచ్చేసే ఊళ్ళు మనవి. పైనుంచి అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు, సముద్రం దగ్గరైతే ఉప్పుగాలి అదనం.

నేను 2021లో అమలాపురం దగ్గర మా ఊళ్ళో ఇల్లు కట్టాను. ఆ తర్వాత మా బావమరిది ఇంటికీ, మా పిన్ని వాళ్ళ ఇంటికీ దగ్గరుండి పని చూశాను. కొన్ని తప్పులు నావి, కొన్ని వాళ్ళవి, డబ్బులు మాత్రం అందరివీ పోయాయి. కొత్త పద్ధతులు వద్దని నేను చెప్పను, చాలా వాటిని నేనే వాడాను. కాకపోతే ముందు నీళ్ళు, తర్వాత మట్టి, తర్వాత గాలి, ఎలివేషన్ బొమ్మ అన్నిటికన్నా చివర. ఆ వరసలోనే చెప్తాను.

ఊళ్ళో పెద్దవాళ్ళని అడగండి: 86లో ఎక్కడిదాకా వచ్చింది?

స్థలం కొనకముందే, కొనేసి ఉంటే ప్లాను గీయించకముందే, ఈ ఒక్క ప్రశ్న అడగండి. 1986 ఆగస్టు వరదకి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. బ్యారేజీ దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకి ఎగరేస్తారని టీవీలో అందరం చూస్తాం, కానీ ఆ అంకె మీ వీధిలో ఎన్ని అడుగుల నీళ్ళు అవుతుందో మీ ఊరి ముసలాయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. లంకల్లో, ఏటిగట్టుకి నది వైపు ఉన్న స్థలాల్లో ఇది బతుకు ప్రశ్న. గట్టుకి ఇవతల ఉన్నవాళ్ళం మాకేం భయం అనుకుంటాం గానీ, నవంబరు వానలకి డ్రైన్లు ఎగదన్నితే నీళ్ళు రోజుల తరబడి దిగవు.

తెలుసుకున్నాక బేస్‌మెంట్ ఎత్తు తేల్చుకోండి. మన వైపు బేస్‌మెంట్ అంటే ఇంటి పీఠమే కదా, పట్నాల్లో చెప్పే భూమి లోపలి అంతస్తు కాదు, అలాంటిది ఇక్కడ కట్టమని ఎవరైనా సలహా ఇస్తే ఆ ఇంజినీరుని మార్చేయండి. నా లెక్క ఏంటంటే, ఎదురుగా ఉన్న రోడ్డు మీద నుంచి కనీసం మూడడుగులు, 86 నీళ్ళు అంతకన్నా పైకి వచ్చి ఉంటే ఆ గీత కన్నా ఒక అడుగు ఎక్కువ. మూడడుగులు ఎందుకంటే రోడ్డు ఊరికే ఉండదు, కొత్త రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే వేస్తారు. మా వీధి చివర పాత డాబాకి ఒకప్పుడు నాలుగు మెట్లు ఎక్కేవాళ్ళం, ఇప్పుడు రెండు మెట్లు దిగాలి.

నీళ్ళు మరీ ఎక్కువ వచ్చే చోట, కింద అంతా ఖాళీగా వదిలి పిల్లర్ల మీద ఇల్లు లేపే పద్ధతి ఈమధ్య బాగా పెరిగింది. నాకు నచ్చిన మార్పుల్లో ఇదొకటి. మామూలు రోజుల్లో కారు, ధాన్యం బస్తాలు, కొబ్బరికాయల రాశి కింద ఉంటాయి, వరదొస్తే నీళ్ళు వచ్చి పోతాయి. అయితే కింద గోడలు లేని ఇల్లు పక్కకి ఊగే బలాలకి మెత్తగా ఉంటుంది, కాబట్టి ఈ డిజైను మేస్త్రి అంచనాతో కుదరదు, స్ట్రక్చరల్ ఇంజినీరు గీసిన డ్రాయింగు ఉండాల్సిందే. నాలుగేళ్ళ తర్వాత ఆ ఖాళీకి గోడలు కట్టేసి అద్దెకి ఇవ్వకండి, మనవాళ్ళు చేసే మొదటి పని అదే.

ఇంకొకటి, భీమవరం వైపు కొనేవాళ్ళు జాగ్రత్తగా అడగాల్సింది: ఇది ఎప్పుడైనా చేపల చెరువా? చెరువు పూడ్చి వేసిన లేఅవుట్లలో పైన గ్రావెలు ఎర్రగా కళకళలాడుతూ ఉంటుంది, కింద బురద ఇంకా కూర్చుంటూనే ఉంటుంది. కొనొద్దని కాదు, మామూలు ఫుటింగ్‌తో (పిల్లరు అడుగున వేసే కాంక్రీటు దిమ్మ) మాత్రం కట్టొద్దు.

మట్టి పరీక్ష, కాలువలు కట్టేసే నెల

డబ్బులు ఎక్కడ తగ్గించినా ఇక్కడ తగ్గించొద్దు. బోరు వేసి, లోతుల వారీగా మట్టి ఎంత గట్టిగా ఉందో చూసి, నమూనాలు ల్యాబులో పరీక్షించి రిపోర్టు ఇస్తారు. సివిల్ ఇంజినీరింగ్ ఉన్న కాలేజీల్లో ల్యాబులుంటాయి, అడిగి చూడండి. మొత్తం ఇంటి ఖర్చులో ఇది గృహప్రవేశం భోజనాల ఖర్చంత కూడా ఉండదు. రిపోర్టులో రెండు విషయాలు వెతకండి. నేల ఎంత బరువు మోస్తుంది, తడిసినప్పుడు ఎంత ఉబ్బుతుంది.

నల్లమట్టి సంగతి మీకు తెలిసిందే, వేసవిలో చేలో నెర్రెలు చూస్తుంటాం. అదే నెర్రె మీ ఇంటి కింద వస్తే గోడలో బీట అవుతుంది. వానాకాలం ఉబ్బి లేపుతుంది, ఎండాకాలం కుంచించుకుని దింపుతుంది, ఇల్లంతా ఒకే రకంగా లేపి దింపితే పర్వాలేదు గానీ ఒక మూల లేపి ఇంకో మూల దింపుతుంది. అందుకే పునాది ఈ ఉబ్బే పొర దాటి కిందికి వెళ్ళాలి. దీనికి మన దేశంలోనే పుట్టిన పద్ధతి ఉంది, అండర్ రీమ్డ్ పైల్ అంటారు, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్‌ఐ) అభివృద్ధి చేసింది. సన్నని గుండ్రటి గొయ్యి లోతుకి తవ్వి, అడుగున గొయ్యిని గంటలాగా వెడల్పు చేసి కాంక్రీటు నింపుతారు, ఆ వెడల్పు భాగం కింద స్థిరంగా ఉన్న మట్టిలో పట్టుకుని ఉంటుంది. ఇవి వేస్తే పైన ప్లింత్ బీమ్ (గోడల కింద చుట్టూ వేసే కాంక్రీటు దూలం) కింద కాస్త ఖాళీ వదలాలి, మట్టి ఉబ్బితే ఆ ఖాళీలోకి ఉబ్బుతుంది, బీముని తోయదు. ఊట బాగా ఉన్న ఇసుక పొరలో ఆ గంట ఆకారం నిలవదు, అప్పుడు ఇంజినీరు మామూలు పైల్సో, ఇల్లంతటి కింద ఒకే పలకగా వేసే రాఫ్టో చెప్తాడు. రిపోర్టు ఎందుకంటే ఇందుకే.

ఎప్పుడు తవ్వాలి? పంట కాలువలు కట్టేశాక. మామూలుగా ఏప్రిల్‌లో కట్టేసి జూన్‌లో మళ్ళీ వదులుతారు, ఆ మధ్యలో భూమిలో నీళ్ళు బాగా కిందికి దిగుతాయి. శంకుస్థాపన మాఘంలో చేసుకోండి, కొబ్బరికాయ కొట్టండి, అసలు గోతులు మాత్రం ఆ నెలన్నరలో తవ్వించి ప్లింత్ బీమ్ దాకా పూర్తి చేయండి. నేను ముహూర్తం కుదరలేదని శ్రావణం దాకా ఆగాను. రెండు మోటార్లు రాత్రింబవళ్ళు నీళ్ళు తోడుతుంటే గోతుల అంచులు జారి లోపల పడుతుండేవి, డీజిలు డబ్బులతో ఒక గది కట్టుకునేవాణ్ణి.

బేస్‌మెంట్ లోపల నింపడానికి గోతుల్లోంచి తీసిన నల్లమట్టినే మళ్ళీ పోసేస్తారు, చూస్తూ ఊరుకోకండి. ఇసుక గానీ గ్రావెలు గానీ పోయించండి, అది కూడా ఒకేసారి కాదు, తొమ్మిది అంగుళాలు పోసి నీళ్ళు పెట్టి దిమ్మిస కొట్టి, మళ్ళీ తొమ్మిది అంగుళాలు. ఇలా చేయని ఇళ్ళలో రెండేళ్ళకి హాలు మధ్యలో టైల్స్ కిందికి దిగి, నడుస్తుంటే డొల్ల చప్పుడు వస్తుంది. చెదమందు కొట్టించడం కూడా ఈ దశలోనే, టైల్స్ వేశాక గుర్తొస్తే లాభం లేదు.

ఉప్పు

రొయ్యల చెరువులు ఉన్న ఊళ్ళలో, సముద్రం దగ్గరి మండలాల్లో బోరు నీళ్ళు నోట పోసుకుంటేనే తెలుస్తుంది. ఆ నీళ్ళతోనే కాంక్రీటు కలుపుతున్నారు. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 కోడ్ ప్రకారం ఇనుము వేసే కాంక్రీటుకి వాడే నీళ్ళలో క్లోరైడ్లు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. బోరు నీళ్ళు సీసాలో పట్టి ల్యాబుకి పంపండి, దాటితే ట్యాంకరు తెప్పించుకోండి, క్యూరింగుకి (కాంక్రీటుని తడిపి ఉంచడానికి) కూడా అంతే. మా పిన్ని వాళ్ళ పాత పోర్టికోకి ఈ జాగ్రత్త తీసుకోలేదు, ఏడెనిమిదేళ్ళకే స్లాబు అడుగున పెచ్చులు ఊడి లోపల ఊచలు తుప్పు పట్టి సన్నబడిపోయి కనిపించాయి. దాన్ని పడగొట్టడం తప్ప దారి లేకపోయింది.

సముద్రగాలి నేరుగా తగిలే చోటుని ఆ కోడే తీవ్రమైన పరిస్థితిగా లెక్కేస్తుంది. అక్కడ కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు, ఊచల మీద 45 మిల్లీమీటర్ల కవరు (ఊచని కప్పే కాంక్రీటు పొర) అడుగుతుంది. మన మేస్త్రులు కవరు కోసం చేతికి దొరికిన కంకర రాయి ఊచ కింద తోస్తారు. అలా వద్దు, సరైన మందంలో కవర్ బ్లాకులు ముందే చేయించి పెట్టుకోండి, స్లాబు పోసే రోజు పొద్దున్నే మీరే పైకెక్కి చూడండి. ఇనుప కొలిమి చిట్టెం (స్లాగ్) కలిసిన పీఎస్‌సీ సిమెంటు ఉప్పుని బాగా తట్టుకుంటుంది, కాకపోతే నిదానంగా గట్టిపడుతుంది కాబట్టి కనీసం పది రోజులు, నన్నడిగితే రెండు వారాలు, తడి ఆరనివ్వకండి. సముద్రపు ఒడ్డు ఇసుక తవ్వి తెచ్చి చవగ్గా ఇస్తామనేవాళ్ళు వస్తారు, వాళ్ళకి మజ్జిగ ఇచ్చి పంపించేయండి. గోదావరి ర్యాంపు ఇసుకే వాడండి, అది కూడా జల్లెడ పట్టించి.

సంపు గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే నా పెద్ద తప్పు అదే. పట్నంలో అందరికీ ఉంటుంది కదా అని భూమిలో పదివేల లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు పూడ్పించాను. ఆ ఏడు వానలకి ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు చుట్టూ భూమిలో నీళ్ళు పెరిగాయి, పొద్దున లేచి చూస్తే ట్యాంకు పైన వేసిన సిమెంటు పలకని పగలగొట్టుకుని పడవలాగా పైకి తేలి ఉంది. మా ఆవిడ ఇప్పటికీ ఎవరొచ్చినా అదే ముందు చెప్తుంది. భూమి మీదే పెట్టుకోండి ట్యాంకు.

దానికి వాన నీళ్ళు కలపండి. వెయ్యి చదరపు అడుగుల స్లాబు మీద ఒక సెంటీమీటరు వాన పడితే తొమ్మిది వందల లీటర్లు దాటి వస్తాయి. బోరు ఉప్పగా ఉన్న ఇంటికి ఇది ఫ్యాషన్ కాదు, అవసరం. మొదటి వాన వదిలేసి, రెండో వాన నుంచి జాలీ పెట్టి పట్టుకోండి.

మరుగుదొడ్డి గొయ్యి

దీని గురించి ఎవరూ మాట్లాడరు, వానాకాలం ఫ్లష్ వెనక్కి తన్నినప్పుడు మాత్రం అందరూ మాట్లాడతారు. నీళ్ళు పైనే ఉన్న నేలలో ఇంకుడు గొయ్యి ఇంకదు, నిండి కూర్చుంటుంది, పక్కింటి బోరులోకి పోతుంది. కాబట్టి నీళ్ళు కారని కాంక్రీటు సెప్టిక్ ట్యాంకు, సగానికి పైగా నేల మీదికి వచ్చేలా కట్టండి, బేస్‌మెంట్ ఎత్తుగా ఉంటే పైపు వాలు దానంతటదే దొరుకుతుంది. ట్యాంకు తర్వాత కంకర నింపిన ఫిల్టరు గది ఒకటి పెట్టించి, అందులోంచి వచ్చే నీళ్ళని మెట్టతామర మొక్కలు పెంచిన కంకర మడిలోకి వదలండి. బోరుకి కనీసం 15 మీటర్ల దూరం. పంట కాలువలోకి మాత్రం పైపు పెట్టకండి, కింద ఊరి మంచినీళ్ళ చెరువు నిండేది ఆ కాలువతోనే.

గోడలు

ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మలు) మన వైపు కూడా బాగా వచ్చేశాయి. మెత్తని నేల మీద కట్టేవాళ్ళకి నేను వీటినే చెప్తాను, మామూలు ఇటుక గోడ బరువులో ఇది మూడో వంతే ఉంటుంది, పునాది మీద అంత భారం తగ్గుతుంది, గది కూడా కాస్త చల్లగా ఉంటుంది. కానీ ఇది నీళ్ళని పీలుస్తుంది. అందుకని ప్లింత్ బీమ్ కింద ఇవి వాడొద్దు, బాత్‌రూమ్ గోడలకి వాటర్‌ప్రూఫింగ్ తప్పనిసరి, పిల్లరుకి బ్లాకు కలిసే ప్రతి చోటా ప్లాస్టరింగ్ లోపల జాలీ కొట్టించాలి, లేదంటే గీత గీసినట్టు బీట వస్తుంది. సిమెంటు మాలు కాకుండా దీనికోసం అమ్మే జిగురుతోనే కట్టించండి. మేకు దిగితే నిలవదు, బరువైన అల్మారాలకి వేరే యాంకర్లు కావాలి.

ఊకతో కాల్చిన మన బట్టీ ఇటుక పనికిరాదనుకోకండి. నేల గట్టిగా ఉండి, ఇటుక బాగా కాలి ఉంటే అదే చాలు. రెండు ఇటుకలు ఒకదానికొకటి కొడితే ఖంగుమనాలి, అంతే పరీక్ష.

ఉయ్యాలబల్ల కావాలంటే స్లాబు పోసేటప్పుడే కొక్కేలు వేయించండి. తర్వాత డ్రిల్లు వేసి బిగించిన దాని మీద నేనైతే కూర్చోను.

మండువా మళ్ళీ వస్తోంది

ఈ మధ్య ఆర్కిటెక్టులు గీస్తున్న ప్లాన్లలో ఇంటి మధ్య ఖాళీ, దాని చుట్టూ గదులు ఉండటం చూస్తే నవ్వొస్తుంది, మన తాతల మండువా లోగిలే కదా అది. పాత మండువాలో మధ్యన ఆకాశం కనిపించేది, వేడిగాలి పైకి పోయేది, వాన పడితే నీళ్ళు తూములోంచి బయటికి వెళ్ళేవి. ఇప్పుడు దోమలు, కోతులు, దొంగలు అని పైన గాజు పలక వేసి మూసేస్తున్నారు. అప్పుడది మండువా కాదు, ఆవిరి కుడుముల గిన్నె. మే నెలలో మా బావమరిది హాల్లో మధ్యాహ్నం ఎవరూ కూర్చోరు.

కట్టాలనుంటే ఇలా చేయండి: మధ్య ఖాళీ మీద చిన్న కప్పుని స్లాబు కన్నా రెండు మూడు అడుగులు పైకి లేపి, నాలుగు పక్కలా వాన కొట్టకుండా వాలుగా ఉండే రెక్కలు, లోపల దోమల జాలీ పెట్టించండి. వెలుగు వస్తుంది, వేడి పోతుంది. కింద తూము మర్చిపోవద్దు, తుపాను వాన పక్కనుంచి కొడుతుంది, ఎంతో కొంత లోపలికి వచ్చి తీరుతుంది.

కిటికీలు కూడా ఈ లెక్కలోనే చూడాలి. సాయంత్రం సముద్రం వైపు నుంచి వచ్చే పైరగాలి మనకి దేవుడిచ్చిన ఏసీ, దానికి తూర్పు, దక్షిణాల్లో పెద్ద కిటికీలు, అది బయటికి పోవడానికి ఎదురు గోడలో ఇంకో కిటికీ. పడమర గోడకి గాజు పెట్టకండి. ఉప్పుగాలి ఇనుప కిటికీలని తినేస్తుంది కాబట్టి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) మంచిదే, లోపల ఉక్కు పట్టీ ఉందో లేదో, స్క్రూలు స్టెయిన్‌లెస్‌వో కాదో అడగండి. పక్కకి జరిగే రకం సగమే తెరుచుకుంటుంది, తలుపులాగా పూర్తిగా తెరుచుకునేదే తీసుకోండి.

స్లాబు మీద సోలారు, రేకులు

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాటుకి 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు అంతకుమించితే 78 వేల రూపాయల సబ్సిడీ. మూడు కిలోవాట్లకి మూడు వందల చదరపు అడుగుల దాకా నీడ పడని చోటు కావాలి. నీడ పడని చోటు అంటే కోనసీమలో చెప్పినంత తేలిక కాదు, ఒక్క కొబ్బరిమట్ట నీడ పలక మీద పడినా కరెంటు బాగా తగ్గిపోతుంది, కాయ పడితే పలకే పోతుంది. పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, మూడింటికి డాబా ఎక్కి నీడలు ఎక్కడున్నాయో చాక్‌పీసుతో గీసి చూసుకోండి, అప్పుడు కంపెనీవాళ్ళని పిలవండి. మన తీరానికి గాలి బలాల కోడ్ లెక్కలో గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. పలకల ఫ్రేము గాల్వనైజ్డ్ అయ్యుండాలి, బోల్టులు స్లాబు కాంక్రీటులోకి దిగాలి, పైన వేసిన టైల్స్‌లోకి కాదు. డాబా మీద రేకుల షెడ్డు వేసేవాళ్ళకీ ఇదే మాట. 1996 నవంబరు తుపానులో రేకులు ఎంత దూరం ఎగిరాయో కోనసీమలో ఎవరినడిగినా చెప్తారు.

లోపలి పని, చివరికి ఆ బొమ్మ

లోపలి పనిలో మూడు మాటలు చాలు. ఓపెన్ కిచెన్ కావాలంటే పెట్టుకోండి గానీ వెనక వసారాలో ఇంకో పొయ్యి ఉంచండి, చేపల పులుసు వాసన సోఫాలో మూడు రోజులు ఉంటుంది. కింది అల్మారాలకి ఎండీఎఫ్ (చెక్కపొట్టు నొక్కి చేసిన పలక) వద్దు, చెమ్మకి ఉబ్బుతుంది, కడప బండ అరలు కట్టించి తలుపులు మాత్రం మంచి ప్లైవుడ్‌తో వేయించండి. నీళ్ళు వచ్చే ఊరైతే కింది అంతస్తు ప్లగ్గులు నాలుగడుగుల ఎత్తులో, ఇన్వర్టరు పై అంతస్తులో.

ఇప్పుడు ఫోన్ తీసి ఆ బొమ్మ చూపించండి. డబ్బా ఎలివేషన్ అందంగానే ఉంటుంది, దానికి రెండడుగుల సన్‌షేడ్లు కలిపి మళ్ళీ గీయమనండి, సన్‌షేడ్ కింది అంచున నీటి చుక్క తెగి పడేలా గాడి పెట్టమనండి. మంచి ఆర్కిటెక్టు అయితే ఆ సన్‌షేడ్లనే అందంగా చేసి ఇస్తాడు.

మేస్త్రితో ఒప్పందం రాసుకునేటప్పుడే చివరి వాయిదా కొంత ఆపుకుంటానని రాయించండి. మొదటి పెద్ద వాన పడిన రాత్రి టార్చిలైటు, పెన్సిలు పట్టుకుని ప్రతి గదీ తిరిగి, చెమ్మ కనిపించిన ప్రతి చోటా గోడ మీదే చుట్టూ గీత గీసి తేదీ రాయండి. మర్నాడు ఆయన్ని టీకి పిలిచి, టీ తాగాక ఆ గీతలు చూపించి, అవన్నీ సరిచేశాకే ఆ డబ్బులు ఇవ్వండి.